పేరున్న మంత్రసానులు, పేరులేని ఫరో
హీబ్రూ లేఖనాల్లో భక్తికి చిరునామా సామాన్యుల ఇళ్లే. మగ్గాల నగరం సూరత్‌కు ఆ కథలతో పాత పరిచయమే ఉంది

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో పవర్‌లూమ్ షెడ్ల పక్కన మాట వినిపించాలంటే గొంతు పెంచాల్సిందే. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. తెలంగాణ జిల్లాల నుంచి బతుకుదెరువు కోసం వచ్చిన పద్మశాలీలు ఈ నగరంలో తరాలుగా స్థిరపడ్డారు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. తామరతూడుల నుంచి నూలు తీసి దేవతలకు బట్ట నేసిన భావనారుషిని తలచుకునే వీరికి నేత పని, భక్తి వేర్వేరు విషయాలు కావు.

క్రైస్తవులు పాత నిబంధనగా చదివే యూదుల హీబ్రూ లేఖనాలను తిరగేస్తే, ఈ షెడ్లలో పనిచేసేవారికి బాగా తెలిసిన మనుషులే ఎదురవుతారు. తన రోజులు ఎంత వేగంగా జారిపోతున్నాయో చెప్పడానికి యోబు ఎంచుకున్న పోలిక నేతగాని నాడె. మంచాన పడిన హిజ్కియా రాజుకు తన ప్రాణం మగ్గం మీంచి కోసేసిన బట్టలా తోచింది. ఎడారిలో దేవుడికి గుడారం కట్టినప్పుడు నీలం, ఊదా, ఎరుపు నూలు వడికి తెచ్చింది ఆడవాళ్లే. ఇంత వివరంగా రాసిన గ్రంథం వారి పేర్లు మాత్రం చెప్పలేదు. ఆ లోటును లోటుగానే ఒప్పుకోవాలి.

అయితే మరోచోట లెక్క తిరగబడుతుంది. హీబ్రూ మగశిశువులను పురిట్లోనే చంపేయమని ఈజిప్టు చక్రవర్తి ఆదేశిస్తే ఇద్దరు మంత్రసానులు లెక్కచేయలేదు. నిర్గమకాండం వారి పేర్లను షిఫ్రా, పూయా అని పదిలంగా నమోదు చేసింది. చక్రవర్తిని మాత్రం 'ఫరో' అన్న బిరుదుతోనే సరిపెట్టింది. ఆయన ఎవరన్నది పండితులు నేటికీ తేల్చుకోలేకపోతున్నారు!

హన్నా కథ ఇంకా చిన్నది. పిల్లల్లేరని సవతి చేత మాటలు పడిన ఆమె, గుడిలో పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థించింది. పూజారి ఏలీ ఆమెను చూసి తాగి వచ్చిందనుకున్నాడు. ఆ తర్వాతి కాలంలో యూదు పండితులు ప్రార్థన ఎలా చేయాలో చెప్పే నియమాలను రాబట్టింది మాత్రం పూజారి నుంచి కాదు, ఈ ఇల్లాలి నుంచే. కొడుకు సమూయేలును గుడికి అప్పగించాక ఏటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేదని లేఖనం చెబుతుంది. ఏటేటా కొలత పెరుగుతూ పోయే అంగీ అది. పిల్లల్ని ఊళ్లో వదిలి వలస వచ్చిన ఏ తల్లికీ దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ కథలు సూరత్‌కు ఒకే దారిన రాలేదు. మొదట తెచ్చింది వ్యాపారులు. 18వ శతాబ్దంలో బాగ్దాద్, బస్రా, అలెప్పోల నుంచి వచ్చిన అరబ్బీ మాట్లాడే యూదులు ఈ రేవులో స్థిరపడ్డారు. ఇక్కడ వారికి ప్రార్థనామందిరం, శ్మశానం ఉండేవి. 1792లో సూరత్‌లో దిగిన అలెప్పో వాసి షాలోమ్ కోహెన్ 1798లో కలకత్తా చేరి అక్కడి యూదు సమాజానికి ఆద్యుడయ్యాడు. రేవు కళ తప్పి వ్యాపారం బొంబాయికి తరలడంతో మిగతావారూ ఆ బాట పట్టారు. రెండో దారి అచ్చుయంత్రం. 1815లో వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వారు గుజరాతీలోకి అనువదించిన పాత నిబంధన 1820లలో సూరత్‌లోనే అచ్చయింది. అదే సొసైటీ విశాఖపట్నంలో 1805 నుంచే తెలుగు అనువాదానికి పూనుకుంది.

గుజరాత్ యూదుల్లో అత్యధికులు కొంకణ తీరం మూలాలున్న బెనె ఇజ్రాయెలీలు. అహ్మదాబాద్‌లో 1934లో కట్టిన మాగెన్ అబ్రహాం మందిరం వారిదే. 2018లో రాష్ట్ర ప్రభుత్వం యూదులకు మతపరమైన మైనారిటీ హోదా ఇచ్చింది. వీరి పూర్వీకులు గానుగాడించి నూనె తీసేవారు. చేతిలో లేఖనాలు లేవు, హీబ్రూ దాదాపు మరచిపోయారు. అయినా శనివారం మాత్రం గానుగ తిప్పేవారు కాదు. అందుకే చుట్టుపక్కల ఊళ్లవారు వారిని 'శనివార తేలీలు' అన్నారు. పుస్తకం లేని చోట భక్తి ఒక సెలవు దినంలో బతికి ఉందన్నమాట.

ఆ సెలవు కేవలం భక్తుడికే పరిమితం కాదు. పది ఆజ్ఞల్లో ఇది కాస్త పొడవైనది. యజమానితోపాటు కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువు, చివరికి ఊళ్లో ఉంటున్న పరదేశి దాకా అందరూ పని మానాలని పేరుపేరునా చెబుతుంది. ఒకప్పుడు తామూ ఈజిప్టులో దాసులమేనని గుర్తుంచుకోమని ద్వితీయోపదేశకాండం కారణం కూడా జతచేసింది. దీన్ని పూజావిధిగా చదివేవారు ఉన్నారు, కార్మిక చట్టంగా చదివేవారూ ఉన్నారు. రెండోది తేలిగ్గా కొట్టిపారేయదగిన వాదన కాదు.

సూరత్ షెడ్లలో ఆ చట్టానికి చోటు తక్కువ. మీటరు లెక్కన కూలి కాబట్టి మగ్గం ఆగితే ఆ రోజు సంపాదన ఆగినట్టే. అన్ని మగ్గాలూ ఒక్కసారిగా నోరు మూసుకునేది దీపావళి సెలవులకే. అప్పుడు లింబాయత్‌లో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు.