మీటరు లెక్క సరైనదేనా?

ట్రాక్టరు వెనుక పొడవాటి గొట్టానికి వరుసగా నాజిళ్లు అమర్చి మందు చల్లే యంత్రమే బూమ్ స్ప్రేయరు. దాని ఫ్లో మీటరులో చిన్న చక్రం ఉంటుంది. ద్రవం తోసినప్పుడు అది తిరిగి విద్యుత్ సంకేతాలనిస్తుంది. మీటరు లెక్కించేది వాటినే, లీటర్లను కాదు! చక్రం అరిగితే లెక్క తప్పుతుంది. మందు ఎక్కువైతే పైరు మాడవచ్చు. తక్కువైతే పురుగు చావదు.

మరి సరిచూడటమెలా? కడిగిన ట్యాంకులో నీళ్లు పోసి, పీడనం మారకుండా, ప్రతి నాజిల్ నీటినీ నిమిషంపాటు కొలజాడీలో పట్టాలి. 12 నాజిళ్లు, ఒక్కొక్కటి 800 మిల్లీలీటర్లయితే మొత్తం 9.6 లీటర్లు. మీటరు మాత్రం 10 చూపిందనుకోండి. లీటరుకు 600 సంకేతాలని అమర్చి ఉంటే, వచ్చినవి 6000 అన్నమాట. వాటిని 9.6తో భాగిస్తే 625. ఇకపై లీటరుకు 625 అని మార్చాలి.

మీ ఇంటి కుళాయి నిమిషానికి ఎన్ని లీటర్లిస్తుందో ఇలాగే కొలిచి చూడండి!