ఇంటి కంప్యూటరున చెవి ఫోను

బిడ్డలు దూరదేశముల నున్న యిండ్లు మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో నిప్పు డరుదు కావు. బెంగుళూరు మనకు గడప యవతలిదే. అచ్చటినుండి అమెరికాకును, ఐర్లండునకును పోయినవారు గలరు. కడప సీమనుండి కువైటునకు పోయి పరుల యిండ్లలో పాటుపడుచున్న స్త్రీలను గూర్చి సోదరీమణు లెఱుగుదురు. వీరి తల్లులకు కావలసినది బిడ్డ కంఠస్వరము. అది సెల్‌ఫోనులో వచ్చుచుండగా మఱియొక సాధన మెందులకని యడుగవచ్చును. పరిగిలో మేమెఱిగిన పెద్దల యవస్థను జూచియే దీనిని వ్రాయుచున్నాము.

సెల్‌ఫోను తెర నున్నని యద్దము. వేలిచర్మ మెండినవారికిని, చూపు మందగించినవారికిని అది లొంగదు. చెవి కానించుకొన్నంతలో చెంప తగిలి పిలుపు తెగుటయు గలదు. అందుచే దానిని బల్లపై నుంచి, ధ్వని పెంచి, యిల్లంతయు వినునట్లు మాటలాడుట యాచారమైనది. తల్లీకూతుండ్రు చెప్పుకొనవలసిన మాటలు కొన్ని నలుగురి యెదుట చెప్పదగినవి కావు. "బాగున్నావా అమ్మా" యని కూతు రడిగిన, "బాగుండానమ్మా" యని తప్ప ఆ తల్లి నడవలో గూర్చుండి మఱేమి చెప్పగలదు? పైగా పిలుపు కలిపి యిచ్చుటకు మనుమడు బడినుండి వచ్చువఱకు కాచుకొని యుండవలెను. కన్నబిడ్డతో మాటలాడుటకు పరుల తీరికపై నాధారపడుట మాకు సమంజసముగా దోచలేదు.

యూఎస్‌బీ ఫోను చూచుటకు పూర్వపు టెలిఫోను రిసీవరు వంటిదే. ఒక కొన వినుటకు, ఒక కొన పలుకుటకు. తీగ చివర కంప్యూటరునకు గుచ్చు మొన. కొన్నింటికి అంకెల మీటలును, చిన్న తెరయు నుండును. లోపల నున్నది చిన్న సౌండు కార్డు. యూఎస్‌బీ పద్ధతి 1996లో వెలువడినది. ధ్వనిసాధనములు ఆ తీగ ద్వారమున కంప్యూటరుతో నెట్లు వ్యవహరింపవలెనో తెలుపు బహిరంగ నియమములును పిదప నేర్పడినవి. ఆ నియమముల ననుసరించి చేసిన రిసీవరు ఏ కంపెనీదైనను లినక్సు గుర్తించును. వేఱుగా డ్రైవరు నెక్కింప బనిలేదు. అంకెల మీటల సంగతి వేఱు. అవి ఒక్కొక్క కంపెనీ తన కిచ్చవచ్చినట్లు చేసినవి. యీలింకు వారి యొక రకపు ఫోనుకు 2005లోను, సీఎం109 అను చిప్పు గల ఫోనులకు 2008లోను లినక్సు కెర్నెలులో డ్రైవర్లు చేరినవి. తక్కినవానిలో మీటలు పనిచేయకపోవచ్చును. మాట మాత్రము పలుకును.

ఈ ఫోనులలో పెక్కు స్కైపు కొఱకే పుట్టినవి. మన దేశమున ఇంటర్నెట్టు ద్వారా మాటలాడుటకు 2002 ఏప్రిలు 1 నుండి యనుమతి కలిగెను. 2003లో స్కైపు వచ్చెను. ఎస్టీడీ బూతులో ఎఱ్ఱ యంకెలు పరుగెత్తుచుండగా గడగడ మాటలాడి రిసీవరు పెట్టివేసిన మనబోంట్లకు అది యెంత వింత! మా యత్తగారు నేటికిని మూడు నిమిషములు కాగానే "ఇంక పెట్టేయమ్మా, బిల్లు పెరుగుతాది" అనుచుందురు. 2011లో మైక్రోసాఫ్టువారు స్కైపును కొనిరి. 2025 మే 5న మూసివేసిరి. ఏండ్ల తరబడి యలవాటైన పేర్లు ఒక్కనాటితో మూగవోయినవి. రిసీవరులు మాత్రము నిలిచినవి. ఒక కంపెనీ దయపై గాక బహిరంగ నియమముపై నాధారపడిన భాగ మగుటచేతనే యవి నిలిచినవి.

పిలుపునకును అట్టి నియమ మొకటి గలదు. దానిపేరు సిప్. అది 1999లో వెలువడి, 2002లో సవరింపబడెను. ధర్మవరములో వేసిన యుత్తరము డబ్లినుకు చేరుటకు రెండు దేశముల తపాలాశాఖలు ఒక్కటి కానక్కరలేదు గదా! సిప్ చిరునామాయు నట్టిదే: మొదట మన పేరు, నడుమ "ఎట్" గుర్తు, పిదప ఆ పేరు నమోదైన సర్వరు. సర్వరువా రడ్డుపెట్టనిచో ఒక సర్వరువారు మఱియొక సర్వరువారిని పిలువవచ్చును.

మా యింట పదేండ్లనాటి కంప్యూటరు గలదు. విండోసు 10కి మైక్రోసాఫ్టువారి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినపుడు, దీనిని పాతసామానులో వేయుడని అంగడివారు సలహా యిచ్చిరి. మేము వేయలేదు. మా యింటివారు దానిలో లినక్సు నెక్కించిరి. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన యీ లినక్సునకు వెల లేదు. పాత యంత్రములపై నోర్పుతో నడచును. హైదరాబాదునందలి స్వేచ్ఛ యను సంస్థవారు దీనికి తెలుగు రూపము గూర్చిరి. తెలుగు మాత్రమే వచ్చిన గృహిణి తనంతట తాను చదివి నడుపుకొనగలుగుట సామాన్యమైన మేలు కాదు.

పిలుపులకు మేము వాడునది లిన్‌ఫోను. ఇది ఫ్రాన్సు దేశమున 2001లో ఆరంభమైన స్వేచ్ఛా సాఫ్టువేరు. సెల్‌ఫోనులోను నడచును గనుక అవతల బిడ్డలకు కంప్యూటరు అవసరము లేదు. ఫోనును గుచ్చి ధ్వని యమరికలు తెరచిన, అవుట్‌పుట్టు, ఇన్‌పుట్టు అను రెండు పట్టికలలోను యూఎస్‌బీ ఆడియో వంటి పేరు గనబడును. రెండింటను దానినే యెన్నుకొనవలెను. మొదటిదానిని విడిచిన వారి మాట రిసీవరులోనికి రాదు. రెండవదానిని విడిచిన రిసీవరులో మనమన్న మాట వారికి బోదు. గంట మ్రోగుటకు మాత్రము కంప్యూటరు స్పీకరునే యుంచవలెను. రిసీవరులో మ్రోగిన వంటయింటికి వినబడదు గదా! లిన్‌ఫోనులో మ్రోగు సాధనమును వేఱుగా నెన్నుకొను వీలున్నది. మైకు పలుకనిచో టెర్మినలులో ఆల్సామిక్సరు తెరచి, ఎఫ్6 మీటతో ఫోనును, ఎఫ్4 మీటతో మైకును జూచి ధ్వని పెంచవలెను. బిడ్డల పేర్లను తెలుగులో పట్టికయందు వ్రాసియుంచిన, పెద్దవారు పేరు చూచి నొక్కి రిసీవ రెత్తిన జాలును.

మాట ఎట్లు పోవుచున్నదో తెలిసినచో లోపము పట్టుట సులభము. సాధారణముగా సెకనుకాలపు మాటను 50 చిన్న పొట్లములుగా గట్టి పంపుదురు. ఏబది కార్డులు వేసినట్లే. ఒకటిరెండు దారిలో తప్పిన నష్టములేదు. పెక్కు తప్పిన మాట బొంగురుపోవును. సెకనులో సుమారు ఏడవవంతు, అనగా 150 మిల్లీసెకనులు దాటి యాలస్యమైన ఒకరి మాటపై నొకరు పడుదురు. అట్టి వేళ ప్రక్కగదిలో సినిమా చూచువారిని కొంచె మాపుమనుడు. ఖర్చు స్వల్పము: పూర్వపు జీ711 పద్ధతిలో గంటసేపటి మాటకు రెండువైపులును గలిపి సుమారు 80 మెగాబైట్లు, 2012 నాటి ఓపస్ పద్ధతిలో నింకను తక్కువతో సరిపెట్టవచ్చును. ప్రతిధ్వనికి మందు రిసీవరే. బల్లపై స్పీకరుంచిన బిడ్డ మాట మన మైకులో దూరి, ఆమె చెవికే మరలి పోవును. చెవి కానించుకొన్న రిసీవరులో దాని కవకాశము తక్కువ; రహస్యమును దక్కును.

దీనితో అన్ని పనులు కావు. కరెంటు పోయిన రౌటరును పోవును. గనుక ఆపద వేళ 112నకు పిలుచుటకు మామూలు ఫోను యింట నుండవలసినదే. ఇంటర్నెట్టునుండి మన దేశపు సాధారణ నంబరునకు గలుపుట లైసెన్సు గల సంస్థల పని. చవుకగా గలిపెదమను తెలియనివారిని దరిజేరనీయకుడు. దుబాయి మొదలైన ఎమిరేట్సులో వాట్సాపు పిలుపుల వంటివానిని చాలకాలముగా నాపుచున్నారు. అచ్చటివారు ముందుగా నక్కడి నిబంధన లడిగి తెలిసికొనవలెను.

వాడిన ఫోను కొనువారు అంగడిలోనే లినక్సు కంప్యూటరునకు గుచ్చి, తమ మాటను రికార్డుచేసి వినిచూడవలెను. స్కైపు గుర్తు గలదని విడువకుడు. అట్టివి యిప్పుడు చవుకగా దొరకవచ్చును. తీగ పొడవును గూడ జూచుకొనుడు. మా యత్తగారికి మంచముపై గూర్చుండి మాటలాడుట యిష్టము. మొదటి తీగ చాలక, మరల మూడు మీటర్ల పొడిగింపు తీగ కొనవలసి వచ్చినది.