మీటర్ నార్మల్, వెనక సిలిండర్లు మాత్రం మంట

సెమిస్టర్ సెలవులకి కాకినాడ వెళ్తే మావయ్య బోటు ఉప్పుటేరులో కట్టేసి ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం కదా, రిపేర్లన్నీ ఆ 61 రోజుల్లోనే. ఆయనది ఇరవై ఏళ్ళ నాటి ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. ఆఖరి ట్రిప్పులో వెనక రెండు సిలిండర్ల దగ్గర పెయింట్ మాడి పొక్కులు లేచిందంట. టెంపరేచర్ మీటర్ మాత్రం ఎప్పట్లాగే 82 చూపిస్తోంది.

వచ్చిన మెకానిక్ "ఇంజిన్ దించి ఓవరాలింగ్ చేయాల్సిందే" అన్నాడు. లక్ష పైనే. వలల కోసం చేసిన అప్పే ఇంకా తీరలేదు. "కంప్యూటర్లు చదువుతున్నావు కదరా అల్లుడూ, ఇదేంటో చూడు" అన్నాడు మావయ్య. ఆ రెండిటికీ సంబంధం లేదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ముందు నీళ్ళ దారి అర్థం చేసుకోవాలి. ఈ ఇంజిన్‌కి లారీలా రేడియేటర్ లేదు. రెండు రకాల నీళ్ళు తిరుగుతాయి. ఇంజిన్ లోపల మంచినీళ్ళు, బయట నుంచి పంపు లాగే ఉప్పునీళ్ళు. హీట్ ఎక్స్ఛేంజర్‌లో ఈ రెండూ కలవకుండా, సన్న గొట్టాల గోడల మీదుగా వేడి మాత్రం చేతులు మారుతుంది. ఉప్పునీళ్ళనే నేరుగా బ్లాకులో తిప్పే పాత ఇంజిన్లూ ఉన్నాయి. కానీ వాటిలో తుప్పు ఎక్కువ, 60 డిగ్రీలు దాటితే లోపల ఉప్పు పేరుకోవడం మొదలవుతుంది.

ఇప్పుడు అసలు క్లూ. ఇంజిన్ మొత్తం వేడెక్కితే అనుమానం ఉప్పునీళ్ళ వైపు: ఇన్‌టేక్ జాలీలో చెత్త, పంపులో అరిగిన రబ్బరు ఇంపెల్లర్, మూసుకుపోయిన గొట్టాలు. (ఇంపెల్లర్ రెక్కలు విరిగితే కొత్తది వేసి ఊరుకోకండి, విరిగిన ముక్కలు వెతకాలి. అవి వెళ్ళి ఎక్స్ఛేంజర్ గొట్టాల మూతి దగ్గర ఇరుక్కుంటాయి.) కొన్ని సిలిండర్లే వేడెక్కితే తప్పు లోపలెక్కడో ఉంది. మనం కోడ్‌లో బగ్ ఏ సగంలో ఉందో చూసుకుంటూ పోతాం చూడండి, అదే పద్ధతి. బోటు పక్కనుంచి పడే ధార బలంగానే ఉంది. సగం అనుమానాలు అక్కడే పోయాయి.

మరి మీటర్ ఎందుకు చెప్పలేదు? దాని సెన్సర్ ఇంజిన్ ముందు, థర్మోస్టాట్ దగ్గర ఉంది. అక్కడికి ఆరు సిలిండర్ల నీళ్ళూ కలిసి వస్తాయి. క్లాస్ యావరేజ్ బాగుంది కాబట్టి బ్యాక్‌లాగ్స్ ఎవరికీ లేవన్నట్టు!

కాబట్టి విడివిడిగా కొలవాలి. కోవిడ్ టైమ్‌లో నుదుటికి పెట్టిన గన్ ఇంట్లో ఉంటే అదే పట్టుకెళ్ళా. ఒంటి జ్వరం దాటితే అది చేతులెత్తేస్తుంది. తెలిసినవాళ్ళ దగ్గర వర్క్‌షాప్‌లో వాడేది తెచ్చా. మెరిసే లోహం మీద ఇవి తక్కువ చూపించి మోసం చేస్తాయి, అందుకే ప్రతి సిలిండర్ హెడ్ మీద ఒకే చోట నల్ల పెయింట్ చుక్క పెట్టాం. బోటుని తాళ్ళతో గట్టిగా కట్టి, గేరు వేసి, అరగంట నడిపాం. లోడ్ లేకుండా చూస్తే తేడా సరిగ్గా బయటపడదు. ముందు నుంచి వెనక్కి: 79, 80, 81, 85, 94, 98.

ఒక్క సిలిండరే వేడిగా ఉంటే ఇంజెక్టర్‌నో హెడ్ గ్యాస్కెట్‌నో అనుమానించేవాళ్ళం. ఇక్కడ వెనక్కి వెళ్ళేకొద్దీ పెరుగుతోంది. అయినా మెకానిక్ ఇంజెక్టర్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి చూశాడు. ప్రతిసారీ ఇంజిన్ ఒకేలా డౌన్ అయింది, అంటే అన్నీ సమానంగానే పనిచేస్తున్నాయి. (ఇది మనం చేసే పని కాదు, ఆ ప్రెషర్‌లో డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.) హెడర్ ట్యాంకులో బుడగలు లేవు, గ్యాస్కెట్ మీద అనుమానం తగ్గింది. లోపల గాలి ఇరుక్కుందా అంటే, షాఫ్ట్ వాలు కోసం ఇంజిన్‌ని వెనక్కి వంచి బిగిస్తారు. గాలి పైకి పోతుంది కాబట్టి ముందు సిలిండర్లు వేడెక్కాలి. మాకు రివర్స్.

వాలులో కిందకి పోయేది ఏంటి? బురద.

ఇంజిన్ చల్లారాక బ్లాకు వెనక అడుగున ఉన్న డ్రెయిన్ కాక్ తిప్పాం. ట్యాంకు నిండా నీళ్ళున్నా ఒక్క చుక్క రాలేదు. మెకానిక్ తీగ పెట్టి పొడిస్తే ముందు తుప్పు పొడి, తర్వాత కాఫీ ముద్దలాంటిది జారింది. మావయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "సముద్రంలో తాగే నీళ్ళు పోయడానికి మనసొప్పదురా, ఒడ్డుకొచ్చాక ఏటి నీళ్ళే పోసేవాణ్ణి" అన్నాడు. ఎన్నేళ్ళుగానో ఆ ఒండ్రంతా పంపుకి దూరంగా, వాలు చివర దిగిపోయింది.

బ్లాకు పక్కనున్న గుండ్రటి రేకు బిళ్ళలు ఊడదీసి, రెండు రోజులు గొట్టంతో వెనక నుంచి ముందుకి నీళ్ళు కొట్టాం. కొత్త బిళ్ళలు, కొత్త కూలెంట్. మళ్ళీ కొలిస్తే 79, 79, 80, 81, 83, 86. ఆరోది ఇంకా కొంచెం ఎక్కువే. అందుకని వెనక హెడ్ మీద రెండో సెన్సర్ పెట్టించి, దాని మీటర్ సరంగు కళ్ళెదురుగా బిగించాం. ఇంజిన్ దించలేదు. డిక్కీలో ఇప్పుడు కూలెంట్ అని రాసిన రెండు క్యాన్లు ఉంటాయి, తాగే నీళ్ళకి దూరంగా. జూన్ 15 తెల్లవారుజామున బోటు వేటకి వెళ్ళింది. నేను మాత్రం రిజల్ట్స్ చూసుకుంటూ ఇంట్లో కూర్చున్నా.