హోరాశబ్దము - వారక్రమము

ఉగాదినాఁడు మొగల్తూరునఁ బంచాంగశ్రవణమునకుఁ గూడినవారు తిథివారనక్షత్రములన్నియు నొక్కచోటఁ బుట్టినవే యని తలంతురు. నరసాపురము చెంతనున్న యా యూర లగ్నము పెట్టునపుడు చెప్పు హోర, ద్రేక్కాణము, కేంద్రము, జామిత్రము అను నాలుగు మాటలును యవనభాషనుండి వచ్చినవనుట పలువురెఱుఁగరు. ఇచట యవనులనగా గ్రీకులు. యవనుల లిపి యనునర్థమున 'యవనానీ' రూపమును గాత్యాయనుఁడు సాధించుటంబట్టి వారు మన వైయాకరణులకుఁ గ్రొత్తవారు కారు.

హోరాశబ్దమునకుఁ బ్రసిద్ధమైన వ్యుత్పత్తి యొకటి కలదు: అహోరాత్రశబ్దమునఁ దొలివర్ణమును దుదివర్ణమును లోపింప హోరా యగునని. వరాహమిహిరుఁడు బృహజ్జాతకమున దీనిని గొందఱి మతముగానే చెప్పెను. అట్టి లోపమును విధించు సూత్రము పాణినీయమున లేదు. పృషోదరాదులయందుఁ జేర్తమన్నచో నది ప్రశ్నించువాని నోరు మూయుటయే కాని వ్యుత్పత్తి చెప్పుట కాదు. గ్రీకుభాషలో 'హోరా' కాలభాగవాచకమై మన జాతకగ్రంథములకుఁ జాలఁ బూర్వమే యున్నది.

శబ్దసామ్యము కాకతాళీయమందురేని వారక్రమమును జూడవలయును. భూమినుండి దూరమునుబట్టి ప్రాచీనులు గ్రహములను శని, గురుఁడు, కుజుఁడు, రవి, శుక్రుఁడు, బుధుఁడు, చంద్రుఁడు అని వరుసపెట్టిరి. ఈ వరుసను రవివారము పిమ్మట శుక్రవారము రావలయును, సోమవారమేల వచ్చెను? దినమును 24 హోరలుగా విభజించి, హోరకొక గ్రహము నధిపతిఁ జేసి, తొలిహోర యధిపతి పేర దినమును వ్యవహరించుటచేత. రవి మొదలు ఏడు గ్రహములును మూఁడుమాఱులు తిరుగ 21 హోరలు గడచును. 22వది రవిది, 23వది శుక్రునిది, 24వది బుధునిది. మఱునాఁటి తొలిహోర చంద్రునిది. మన 60 ఘటికలతో నిట్లే లెక్కించినచో రవివారము మఱునాఁడు శనివారమగును. 30 ముహూర్తములతోనైన బుధవారమగును. 24 చేతఁ గాని యీ క్రమము పొసఁగదు. ఆ విభాగము ఈజిప్టుది; బాబిలోనువారి గ్రహచింతతో నది గ్రీకు జ్యోతిషమునఁ గలసెను. క్రీ.శ. 3వ శతాబ్ది రోమక చరిత్రకారుఁడు డియో కాసియసు ఈ హోరాగణనమునే వివరించెను. మనదేశమున వారమును బేర్కొను ప్రాచీనశాసనములలో నొకటి క్రీ.శ. 484 నాఁటి ఏరణ్ స్తంభశాసనము, అది గురువారము.

పంచసిద్ధాంతికయందలి యైదింట నొకటి రోమకసిద్ధాంతము. దాని యుగము 2850 వత్సరములు, అందు 1050 అధిమాసములు. రెంటిని 150చే భాగింప 19 వత్సరములకు 7 అధిమాసములగును. ఏథెన్సున మీటను క్రీ.పూ. 5వ శతాబ్దిఁ దెలిపిన చక్రమిదియే. దాని వర్షమానము 365 దినముల 5 గంటల 55 నిమిషముల 12 సెకండ్లు. హిప్పార్కసు చెప్పినదియు నంతియే.

ఆంధ్రదేశమునకు యవనరోమకసంబంధము వాణిజ్యమునఁ గలిగినది. టాలెమీ క్రీ.శ. 2వ శతాబ్ది మన తీరమును 'మైసోలియా' యని వర్ణించెను. వినుకొండలో రోమక సువర్ణనాణెములు దొరకినవి. ఇక్ష్వాకులనాఁటి నాగార్జునకొండ శాసనమొకటి 'దీనారి' మాషకముల దానమును జెప్పును; రోమకుల దెనారియసే యిది.

యవనులు మ్లేచ్ఛులయ్యు జ్యోతిషము నెఱిఁగినవారగుటచే ఋషులవలెఁ బూజ్యులని వరాహమిహిరుఁడు సంకోచింపక పలికెను. ఆతని తరువాతివారిలోఁ గొందఱికి లేని ధైర్యమది. కాళిదాసు కుమారసంభవమునఁ బార్వతీవివాహమునకు జామిత్రగుణముగల తిథిని జెప్పెను. జామిత్రము గ్రీకుల 'డయామెట్రోను', అనఁగా వ్యాసము. లగ్నమునకు సరిగా నెదుటనుండు సప్తమస్థానము. మొగల్తూరు పెండ్లిండ్లలోఁ గళత్రస్థానమని పురోహితుఁడు పరీక్షించునది దీనినే.