నీళ్లలో నిలబడీ మొక్కకు దాహమే!

చర్ల మండలంలో గోదావరి ఒడ్డున మిరప చేలు చూడండి. పెద్ద వాన పడి రెండు రోజులు నీరు నిలిచిందా, మొక్క తల వాల్చేస్తుంది. ‘మందు సరిగా వెయ్యలేదు’ అని ముందుగా మాట పడేది కూలీయే. ఆపైన అప్పు తెచ్చి మరో బస్తా యూరియా చల్లిస్తారు. అసలు సంగతేమిటి?

మొక్కకు మోటారు లేదు. ఆకుల సన్నని రంధ్రాల్లోంచి నీరు ఆవిరవుతుంటే, ఆ లాగుడుకే కాండంలోని గొట్టాల వెంట నీటిధార తెగకుండా పైకెక్కుతుంది. డిక్సన్, జోలీ అనే శాస్త్రజ్ఞులు 1894లో ఈ సంగతి చెప్పారు. నత్రజని, పొటాష్ వంటి లవణాలు నీటిలో కరిగితేనే వేరుకు అందుతాయి. వాటిని లోపలికి లాక్కోవడం మాత్రం వేరుకు కాయకష్టమే. కష్టానికి శక్తి కావాలి, శక్తికి గాలి కావాలి. నీరు నిలిస్తే మట్టిలో గాలి ఉండదు. ఊపిరాడని వేరు లవణాలనూ తీసుకోలేదు, నీటినీ సరిగా పీల్చలేదు. అప్పుడు చల్లిన యూరియా చాలావరకు నీళ్లపాలు, మిగిలేది అప్పే.

కనుక ముందు పట్టాల్సింది బస్తా కాదు, పార. కాలువ తీసి నీరు బయటికి పంపాలి. లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి పిచికారీ చేస్తే, వేరు తేరుకునేదాకా ఆకే కొంత అందుకుంటుంది. నేల ఆరాకే పైపాటు ఎరువు.

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు ఎక్కింది. అలాంటి వరదకు పార చాలదు. కౌలురైతుకూ, పని పోయిన కూలీకీ పరిహారం ఇవ్వాల్సింది సర్కారే. మామూలు వాన నష్టాన్ని కూలీ నెత్తిన రుద్దేవారికి మాత్రం మొక్కను పీకి, నల్లబడిన వేరు చూపించండి.