ద్రాక్ష నానబెట్టడానికీ లైసెన్సేనా?

డిసెంబరు వస్తే నారపల్లి, నాచారం ఇళ్లలో అటక మీది జాడీలు కిందికి దిగుతాయి. నల్లద్రాక్ష, పంచదార, గుప్పెడు గోధుమలు, నాలుగు లవంగాలు వేసి, మూతికి గుడ్డ కట్టి మూలన పెడితే క్రిస్మస్ నాటికి వైన్ తయారు. ‘‘ఇంట్లోకే కదా, అమ్ముకుంటున్నామా?’’ అని ధీమా. కానీ చట్టం ముందు చూసేది అమ్మకం కాదు, తయారీ. ఉమ్మడి రాష్ట్రం నుంచి తెలంగాణకు వచ్చిన 1968 ఎక్సైజ్ చట్టంలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడమే నేరం. ‘‘యీస్టు వెయ్యలేదు, దానంతటదే పులిసింది’’ అన్నా కుదరదు. సహజంగా పులిసినా, మనం పులియబెట్టినా తయారీ కిందికే వస్తుందని నిర్వచనంలోనే ఉంది. పండగ జాడీ కోసం ఎవరొస్తారులే అంటారా, అది మీ ధైర్యం.

‘‘నా ప్లాటులో తాడిచెట్టు, నా ఇష్టం’’ అన్నదీ ఇలాంటిదే. చెట్టు మీదే కావచ్చు, కల్లు గీయాలంటే మాత్రం లైసెన్సుండాలి. గీత కార్మికుల సహకార సంఘాలున్నది అందుకే.

డిస్టిలరీ పెట్టాలంటే ఢిల్లీలో పలుకుబడి కావాలన్నది పాతబడిన మాట. మద్యం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోది. కేంద్ర పరిశ్రమల చట్టంతో మిగిలిన ముడిని కూడా 2016లో పార్లమెంటు తెంచేసి, తాగే ఆల్కహాలును ఆ చట్టం షెడ్యూలులోంచి తీసేసింది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం పారిశ్రామిక ఆల్కహాలు మీద కూడా రాష్ట్రాలకు అధికారం ఉందని తేల్చింది. నాణ్యతా ప్రమాణాలు, సీసా మీది హెచ్చరిక మాత్రం కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చూసుకుంటుంది.

నాసిక్ వైనరీలు తిరిగొచ్చినవాళ్లకు ఇంకో భ్రమ: తయారుచేసినవాడు గేటు దగ్గరే అమ్ముకోవచ్చని. ఇక్కడ డిస్టిలరీ సరుకు రాష్ట్ర ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపోకు చేరి, అక్కడి నుంచే దుకాణానికో బారుకో వెళ్లాలి. మైక్రోబ్రూవరీకి మాత్రం కాచిన చోటే బీరు పోసే వీలుంది.

ఇక మన నారపల్లి మీదుగా పోయే వరంగల్ హైవే. ‘‘హైవేకి 500 మీటర్ల లోపు మద్యం దుకాణం ఉండొద్దని సుప్రీంకోర్టు చెప్పిందిగా, మరి ఇదెలా వచ్చింది?’’ అని కాలనీ మీటింగుల్లో గట్టిగానే అడుగుతారు. చెప్పిన మాట నిజమే, 2016 డిసెంబరులో. మున్సిపల్ పరిధిలోని లైసెన్సులకు ఆ తీర్పు అడ్డు రాదని 2017 జులైలో చెప్పింది కూడా ఆ కోర్టే. మనది మున్సిపల్ పరిధే కాబట్టి ఇక్కడ హైవే పేరుతో వాదన నిలవదు. గుడి, బడి, ఆస్పత్రికి ఉండాల్సిన 100 మీటర్ల దూరం పట్టుకోండి. అదైనా మ్యాపులో గీత గీసి కాదు, మామూలుగా మనుషులు నడిచే దారి వెంట, దుకాణం గుమ్మం నుంచి బడి గేటు దాకా కొలవాలి.