ఒకే దేహమునకు పలు శిరస్సులు

ఇంటిలోని ఒక గదినే గానశాలగా మార్చుకొని, తమ పాటనో, తమ బిడ్డల వీణాసాధననో రికార్డు చేసి పదిలపరచుకొనవలెనని తలంచువారికి మొట్టమొదట ఎదురగు చిక్కు మైకు ఎంపిక. అంగడిలో చూపు మైకుల వెలలు వేలలో ఆరంభమై లక్షలు దాటుచుండును. కాని వెలకంటె ముందు విచారింపవలసినది, నేడు కొన్న సాధనము రేపటి అవసరమునకు తగినట్లు మారగలదా యను విషయము. ఈ దృష్టితో చూచినచో, పైనున్న కాప్స్యూలును, అనగా ధ్వనిని గ్రహించు శిరోభాగమును, విప్పి వేరొకదానిని బిగింప వీలగు కండెన్సర్ మైకు సామాన్య గృహస్థునకు మిక్కిలి అనుకూలమని నా అభిప్రాయము.

కండెన్సర్ మైకును 1916 ప్రాంతమున, అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేయుచుండిన ఎడ్వర్డ్ వెంటే రూపొందించెను. నేటి మైకులలో సాధారణముగా బంగారుపూత గల, కొద్ది మైక్రాన్ల మందము మాత్రమే ఉన్న పొర యొకటి శబ్దతరంగముల తాకిడికి కంపించుచుండగా, దాని వెనుక అత్యల్పదూరమున లోహఫలక మొకటి నిశ్చలముగ నుండును. రెంటినడుమ విద్యుదావేశము నిలిచియుండుటచే, ఆ ఎడము హెచ్చుతగ్గులైన కొలదియు వోల్టేజియు మారుచుండును. ఇట్లు పుట్టిన సంకేతము కడు సుకుమారమగుటచే పొడవైన తీగవెంట పోజాలదు. కావున ఆ పొరయు ఫలకమును గల కాప్స్యూలును ఆనుకొనియే చిన్న ఆంప్లిఫయరు ఉండితీరవలెను. ఏ దిక్కునుండి వచ్చు ధ్వనిని గ్రహింపవలెను, దేనిని విడువవలెను అను నిర్ణయము కాప్స్యూలుది. ఆంప్లిఫయరు గల దేహము దానిని చెడకుండ అందజేయునది మాత్రమే. కనుకనే రెంటిని విడదీయుట సాధ్యమైనది. 1928లో బెర్లిన్ నగరమున జార్జ్ నోయ్‌మన్ స్థాపించిన సంస్థ తొలి మైకు, జర్మనులు ముద్దుగా సీసా యని పిలుచుకొన్న సీఎంవీ 3, కాలక్రమమున మార్చుకొనదగు కాప్స్యూళ్లను పొందెను. నేడు కార్ల్స్‌రూహెలోని షోప్స్ సంస్థవారి కోలెట్ శ్రేణి ఈ పద్ధతికి ఆదర్శప్రాయము; అంత వెల పెట్టలేనివారికి రష్యాలో టూలా పట్టణపు ఆక్టావా ఎంకే-012 కలదు.

కాప్స్యూళ్లలో ముఖ్యముగ తెలిసికొనదగినవి మూడు. కార్డియాయిడ్ ఎదుటి ధ్వనిని చక్కగా గ్రహించి వెనుకదానిని దాదాపు విడిచివేయును. హైపర్ కార్డియాయిడ్ మరింత ఇరుకైన చూపు గలది. అయితే దాని వినికిడి కనిష్ఠమగునది సరిగ వెనుకవైపున కాదు, ముందునుండి సుమారు 110 డిగ్రీల పక్కవాటున. ఆమ్నీ అన్ని దిక్కులను సమముగ వినును. మా ఇంటిలో ఇంత రొద యుండగా ఆమ్నీ మాకేల యని చాలమంది దానిని త్రోసిపుచ్చెదరు, ఇది పొరపాటు. దిక్కు నెంచు కాప్స్యూళ్లకు గాయకుడు దగ్గరకు జరిగినకొలది మంద్రస్వరము కృత్రిమముగ ఉబ్బును, దూరమైనచో పలుచబడును. ఆమ్నీకి ఈ వికారము లేదు. కనుక దానిని వీణకుండకు గాని మృదంగమునకు గాని మిక్కిలి చేరువగ నుంచి, గది ప్రతిధ్వనిని తగ్గించుకొనుచునే సహజమైన గంభీరనాదమును పొందవచ్చును. మీట త్రిప్పి ధ్వనిగ్రహణపు ఆకృతిని మార్చు పెద్దపొర మైకులును ఉన్నవి గదా యని అడుగవచ్చును. వానిలోని ఆమ్నీ రెండు కార్డియాయిడ్లను కలిపి కల్పించినది. ప్రత్యేకముగ నిర్మించిన ఆమ్నీ కాప్స్యూలుకు గల మంద్రవిస్తృతి దానికి సాధారణముగ రాదు.

కావున నేనైనచో మొదట కార్డియాయిడ్‌తో దేహమును, పిదప ఆమ్నీని, అవసరమైననే హైపర్ కార్డియాయిడ్‌ను కొందును. కొనుటకు ముందు ఆ కాప్స్యూళ్లు విడిగా దొరకునా యని రూఢి చేసికొనవలెను, ఏలయన ఒక సంస్థ మరలు వేరొకదానికి సాధారణముగ పొసగవు. మైకు తనంతట పుట్టించు రొద సుమారు 15 డెసిబెల్సుకు మించకున్నచో వీణానాదపు చివరి తీగసాగుదల కూడ నిర్మలముగ వినవచ్చును. మైకును కంప్యూటరుకు కలుపు ఆడియో ఇంటర్‌ఫేసు, మైకునకు తీగవెంటనే అందు 48 వోల్టుల విద్యుత్తును, అనగా ఫాంటం పవర్‌ను, ఇవ్వగలదై యుండవలెను. కాప్స్యూలు మార్చునపుడెల్ల ఆ పవర్‌ను ఆపివేయుట మంచిది.

సీలింగు ఫ్యాను సంగతి వేరుగ చెప్పవలె. దాని గాలి తగిలిన కాప్స్యూలు గురగురలాడును, కార్డియాయిడ్ మరింతగ. నురుగుతొడుగు కొంత ఆదుకొనును గాని, పాట నడుచునంతసేపు ఫ్యాను ఆపుటకు మించిన ఉపాయము లేదు. మన వైశాఖమాసమున అదియు నొక తపస్సే. సముద్రతీరవాసులకు తేమ వలన వేరొక బాధ కలదు: పొరపై తడి చేరినచో ఆవేశము కారిపోయి చిటపటలు వినబడును. అట్టిచో తుడువ బూనక, కాప్స్యూలును సిలికా జెల్ పొట్లముతో మూతగల డబ్బాలో ఒకటిరెండు దినములుంచిన, తరచుగ ఆ చిటపట తనంతట తానే అణగును.